మనుగడలో లేని పెళ్లికొడుకు

ఒక మనిషి కుదరబోతున్న తన పెళ్లిని తన చేతులతోనే, అదీ పొదుపు పేరు మీద, ఎలా పోగొట్టుకోగలడో తెలుసుకోవాలని ఉంటే కాసేపు ఇటు తిరిగి కూర్చోండి. ఫోన్ రీచార్జ్ గడువు ఈ వారంలో ముగిసేవాళ్లు మాత్రం ముందు ఆ పని చూసుకొని వచ్చి చదవండి. నేను ఆగుతాను. ఆగడం నాకు బాగా అలవాటైన పని. ఏడాదికి పైగా ఆగి నేను సంపాదించుకున్నదేమిటో కూడా చెప్తాను.

నా పేరు నర్సింలు. జహీరాబాద్‌లో హైవే పక్కనున్న ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. కానీ ఆ రోజుల్లో నన్ను ఫిట్టర్‌గా ఎరిగినవాళ్లు తక్కువ, ప్రీపెయిడ్ ఫోన్ల పండితుడిగా ఎరిగినవాళ్లు ఎక్కువ. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయగానే నలుగురు చుట్టూ చేరి, ఏ ప్యాక్ వేసుకోవాలో, ఏది మోసమో అడిగేవాళ్లు. నేను అన్నం కలుపుతూ తీర్పులు చెప్పేవాణ్ణి.

నా ఘనకార్యాలు ఒకటా రెండా. కాల్‌కు నిమిషాల లెక్క ఉన్న కాలంలో యాభై అయిదో సెకనుకు "ఉంట మరి" అని కోసేసేవాణ్ణి. మా మేనమామ పోయినప్పుడు మా అత్త ఏడుపు యాభై అయిదో సెకను దాటింది. నేను దాటలేదు. ఆమె ఇప్పటికీ నాతో మాట్లాడదు, ఆ రకంగానూ కొంత ఆదా అయింది. న్యాల్‌కల్ వైపు వెళ్తే ఫోన్ కర్ణాటక టవర్‌ను పట్టుకొని రోమింగ్ కింద బ్యాలెన్స్ మింగేసేది. అందుకని బస్సు ఆ దారి పట్టగానే స్విచాఫ్ చేసి, దస్తీలో చుట్టి జేబులో పెట్టుకునేవాణ్ణి. దస్తీ ఎందుకని అడగకండి, నాకూ తెలియదు.

నా సంపదంతా ఒక సిమ్ము. ఐటీఐ చదివేటప్పుడు కొన్నాను. దాని అట్ట మీద "లైఫ్‌టైమ్ ఇన్‌కమింగ్ ఫ్రీ" అని రాసి ఉండేది. నా పదో తరగతి మెమోకు చేయించని లామినేషన్ ఆ అట్టకు చేయించి బీరువాలో దాచాను. ఇంట్లో రెండు నంబర్లు దండగని అమ్మ సిమ్ము కూడా తీసేయించాను. అమ్మకు చదువు రాదు. అయినా ఊరికి వెళ్లినప్పుడు ఎవరి ఫోన్ నుంచైనా నాకు చేయొచ్చని నా పది అంకెలూ కంఠతా పట్టింది. ఈ లోకంలో ఆమెకు నోటికి వచ్చిన నంబరు అదొక్కటే. తర్వాత్తర్వాత నెట్ కోసం నేను వేరే సిమ్ము ఒకటి తీసుకున్నాను గానీ ఆ నంబరు ఎవరికీ ఇవ్వలేదు. పాత సిమ్మును బటన్ల ఫోన్‌లో వేసి ఇంట్లో స్టూలు మీద పెట్టాను. ఫోన్లు రావడానికి అది, నెట్ చూడ్డానికి ఇది. ఇంత చక్కటి ఏర్పాటు జిల్లాలో ఇంకెవరికీ లేదని నా నమ్మకం.

అప్పుడు వచ్చింది కోహీర్ సంబంధం. మధ్యలో పేరయ్య ఎవరూ లేరు. బస్సులో అమ్మ పక్కన కూర్చున్నావిడకు పెళ్లీడు కూతురుందని తెలిసింది, అమ్మకు కొడుకున్నాడని ఆవిడకు తెలిసింది, దిగేలోపు ఇద్దరూ పెళ్లిచూపుల రోజు కూడా అనేసుకున్నారు. అమ్మాయి పేరు స్వరూప, నర్సు ట్రైనింగ్ చేస్తోంది. వాళ్ల నాన్న వీరయ్యకు జామతోట ఉంది. మేం వెళ్లినప్పుడు పళ్లెం నిండా జామకాయలు కోసి, ఉప్పూ కారం చల్లి పెట్టారు.

పెద్దవాళ్లు మాటల్లో ఉండగా మమ్మల్నిద్దరినీ అరుగు మీద కాసేపు మాట్లాడుకోమన్నారు. నా జీతం ఎంతో, తాగుతానో లేదో అడుగుతుందని జవాబులు సిద్ధం చేసుకొని వెళ్లాను. ఆమె అవేవీ అడగలేదు.

"మీ నంబర్ చెప్పుండ్రి. మారదు గదా?"

"లైఫ్‌టైమ్ నంబర్. నేనున్నన్ని రోజులు ఉంటది," అన్నాను, ఛాతీ కొంచెం ముందుకు పెట్టి.

ఆమె నవ్వి, చేతిలోని నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకుంది. తన నంబరు చెప్పబోయింది. అప్పుడు నేను అన్న మాట వినండి. ఇప్పటికీ స్నానం చేస్తూ గుర్తొస్తే చెంబుతో నెత్తి మీద కొట్టుకుంటాను.

"మీ నంబర్ నాకెందుకు? మీరే చెయ్యుండ్రి. నాకు ఇన్‌కమింగ్ ఫ్రీ."

ఆమె నాకు నచ్చింది. చాలా నచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ మాట అమ్మతో మూడుసార్లు అన్నాను. నాలుగోసారి అనబోతే, తెలిసిందిలే పడుకోమంది.

వారం తిరక్కుండానే స్వరూప వాళ్ల నాయనమ్మ పోయింది. వీరయ్య ఫోన్ చేశాడు. ఏడాది మైల గనక ఈలోపు శుభకార్యం చేయకూడదనీ, సంవత్సరీకం కాగానే తనే ఫోన్ చేస్తాననీ, అందాకా ఆగమనీ అన్నాడు. ఫికర్ చెయ్యకు కాకా, ఆగుతమని చెప్పాను. పైకి కాకా అన్నాను గానీ మనసులో మామా అనే పిలిచాను. ఆ తర్వాత అద్దం ముందు కూడా అనుకొని చూసుకున్నాను. నోటికి బాగానే పట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫోన్ కంపెనీ కన్ను నా మీద పడింది. ఇరవై ఎనిమిది రోజులకోసారి రీచార్జ్ చేయకపోతే ఇన్‌కమింగ్ కూడా ఆపేస్తామని మెసేజ్ పెట్టింది. నాకు ఒళ్లు మండింది. ముందు ఆ ఇరవై ఎనిమిదికే మండింది. ఏ పంచాంగంలో ఉందండీ ఇరవై ఎనిమిది రోజుల నెల? అలా అయితే నా జీతం కూడా ఇరవై ఎనిమిది రోజులకోసారి ఇవ్వమని సూపర్‌వైజర్‌ను అడిగాను. ఆయన నా నుదురు పట్టుకొని చూశాడు.

లామినేషన్ అట్ట తీసుకొని బస్టాండు దగ్గరి రీచార్జ్ దుకాణానికి వెళ్లాను. దుకాణం ఖాజాభాయ్ అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, ఎంతో ఓపికగా చెప్పాడు.

"అన్నా, లైఫ్‌టైమ్ అంటే నీ లైఫ్ గాదు. గా ప్లాన్ లైఫ్. అది అయిపోయింది. చిన్న రీచార్జ్ ఉంటది, ఏసుకో. లేకుంటె నంబర్ పోతది, ఇంకొకలకు ఇస్తరు."

ఒక్క టీ, రెండు మిర్చీల ఖర్చు. అంతే. కానీ నేను పండితుణ్ణి గదా. వాళ్లు ఊరికే బెదిరిస్తున్నారని, మనం గట్టిగా ఉంటే వాళ్లే దిగొస్తారని ఖాజాభాయ్‌కే క్లాసు పీకి వచ్చాను. మర్నాడు ఫ్యాక్టరీలో నలుగురికీ అదే చెప్పాను. వాళ్లు నా మాట విని తల ఊపి, సాయంత్రం వెళ్లి తలా ఒక రీచార్జ్ చేయించుకున్నారని తర్వాత తెలిసింది.

కొన్నాళ్లకు బటన్ల ఫోన్‌లో సిగ్నల్ గీతలు మాయమయ్యాయి. అమ్మ చూసి గాబరాపడింది. టవర్ రిపేర్‌లో ఉందని చెప్పాను. నేను నిజంగానే అలా అనుకున్నాను, అదే నా ఖర్మ. ఆ టవర్ ఎనిమిది నెలలు రిపేర్‌లోనే ఉంది. ఫోన్‌ను కిటికీలో పెట్టాం, మిద్దె మీద నీళ్ల ట్యాంకు మీద పెట్టాం, మోత పెద్దగా వినపడుతుందని స్టీలు గిన్నెలో పెట్టాం. నేను రోజూ చార్జింగ్ పెట్టేవాణ్ణి. అమ్మ రోజూ కొంగుతో తుడిచేది. ఎవరైనా చూస్తే ఇంట్లో చంటిబిడ్డ ఉందనుకునేవాళ్లు.

ఏడాది గడిచింది. సంవత్సరీకం మర్నాడు నేను సెలవు పెట్టి, గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని ఫోన్ ముందు కూర్చున్నాను. సాయంత్రం దాకా కూర్చున్నాను. ఫోన్ మోగలేదు. ఆ వారం మోగలేదు, ఆ నెల మోగలేదు. ఒకసారి కోహీర్ పోయి కలుద్దామని అమ్మ అంది. మగపెళ్లివాళ్లం, మనమే ఎట్ల పోతం, వాళ్లు చేస్తమన్నరు గదా అన్నాను. అమ్మకు అన్నం సయించడం మానేసింది. నాకు నిద్ర పట్టడం మానేసింది. స్వరూప మనసు మారిందేమోనని లోపల గుబులుగా ఉండేది. అయినా నోరు మాత్రం టవర్ గురించే మాట్లాడేది.

చివరికి ఒక ఆదివారం పొద్దున అమ్మ చెప్పులు తొడుక్కుంది. "నువ్వన్న పో, లేకుంటె నేనన్న పోత," అంది. ఆమెను ఆపడానికి, ముందు ఫోన్ పనిచేస్తుందో లేదో చూద్దామని చెప్పి, నా కొత్త నంబరు నుంచి నా పాత నంబరుకు కొట్టాను.

నా చెవిలో రింగ్ వినిపించింది. స్టూలు మీది ఫోన్ మోగలేదు. అమ్మా నేనూ ఆ ఫోన్ వైపే చూస్తున్నాం. అది నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. అంతలో ఎవరో ఎత్తారు.

"హలో, ఎవలు?"

"నేను నర్సింలును," అన్నాను. నా నంబరుకు నేనే నా పేరు చెప్పుకోవాల్సి వచ్చింది.

అవతలి మనిషి గొంతు ఒక్కసారిగా ఆప్తుడి గొంతయింది. "నర్సింలన్నా, ఏడున్నవే ఇన్ని రోజులు? నీ కోసం వచ్చే ఫోన్లకు జవాబు చెప్పి చెప్పి అలిసిపోయిన."

అతని పేరు శివరాజ్. న్యాల్‌కల్ దగ్గర ఊరు. ఆలుగడ్డల లోడు వేసుకొని డీసీఎం వ్యాను నడుపుతాడు. కొన్ని నెలల కిందట కొత్త సిమ్ము కొంటే నా నంబరు వచ్చింది. మంచివాడు, ఆ మాట చెప్పకపోతే పాపం. నా గ్యాస్ బండ వచ్చిందంటే సరే అన్నాడట. ప్రతి నెలా నా జీతం పడ్డట్టు మెసేజ్ వస్తే చదివి, పాపం ఎవరో అన్నకు జీతం అందింది అని సంతోషించాడట.

"కోహీర్ నుంచి ఎవరన్న చేసిన్రా?" అని అడిగాను.

అతను మెల్లగా మొదలుపెట్టాడు. వీరయ్య కాక చేశాడట. నర్సింలు లేడని, ఈ నంబరు తనదని చెప్పాడట. కాక మర్నాడు మళ్లీ చేశాడు, ఆ మర్నాడు కూడా. పిల్లగాడు నంబర్ మార్చిండంటే సంబంధం వద్దన్నట్టే గదా అని బాధపడ్డాడట. పెద్దమనిషి బాధపడుతుంటే ఫోన్ పెట్టేయలేక శివరాజ్ ఓదార్చాడు. ఓదార్పులో మాటలు కలిశాయి. మాటల్లో రెండు ఇళ్లవాళ్లూ దూరపు చుట్టాలని తేలింది. ఆలుగడ్డల లోడుతో కోహీర్ మీదుగా పోతూ ఒకరోజు ఆగి చాయ్ తాగాడు.

"అన్నా, తప్పుగ అనుకోకు. వచ్చే నెల నా పెండ్లి. నువ్వు తప్పకుండ రావాలె," అన్నాడు.

ఎవరితో అని అడగలేదు. నా కథలో నేను అడగకుండా ఆదా చేసిన చివరి మాట అది.

పెళ్లికార్డు వచ్చింది. వధువు స్వరూప. వరుడు శివరాజ్. అడుగున, వివరాలకు అని నా పది అంకెలు అచ్చయి ఉన్నాయి. అమ్మ చదవలేదు గనక అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే పోల్చుకొని, గిది మన నంబరే గదా బిడ్డా అంది. అవునన్నాను.

పెళ్లికి వెళ్లాం. పందిరి దగ్గర వీరయ్య ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. ఏడాదిగా అద్దం ముందు సాధన చేసిన మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి, బాగున్నవా కాకా అన్నాను. అక్షింతలు వేయడానికి పైకెక్కినప్పుడు స్వరూప తలెత్తి చూసింది. కోపంగా లేదు. ఉంటే బాగుండేది.

"సంవత్సరీకం కాకముందే నేను మూడుసార్లు చేసిన," అంది నాకు మాత్రమే వినపడేలా. "మూడుసార్లూ గా నంబర్ మనుగడలో లేదన్నది. మీరే వద్దనుకున్నరనుకున్న."

చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. రోజూ చార్జింగ్ పెట్టాననీ, స్టీలు గిన్నె సంగతీ, ఇస్త్రీ చొక్కా సంగతీ చెప్పాలి. నా నోటి నుంచి వచ్చింది ఇది:

"టవర్ రిపేర్ ఉండె."

కిందికి దిగి, పందిరి వెనక్కి వెళ్లి కాసేపు ఏడ్చాను. తర్వాత కట్నం చదివించేచోటికి వెళ్లి చూస్తే జేబులో కవరు లేదు, తొందరలో ఇంట్లో మర్చిపోయాను. ఏం చేయాలో తోచక, ఫోన్ తీసి నా పాత నంబరుకు ఏడాది ప్యాక్ వేశాను. అన్నిటికన్నా పెద్దది. నా పేరు మీదున్నంత కాలం ఆ నంబరుకు ఖాజాభాయ్ చెప్పిన చిన్న రీచార్జ్ చేయించని మహానుభావుణ్ణి, పరాయివాడి పేరు మీదికి పోయాక ఏడాదికి చేయించాను. రాసేవాయన నర్సింలు, రీచార్జ్ అని రాసుకొని, నా మొహం వంక చూశాడు.

తర్వాత అమ్మకు ఒక ఫోన్ కొనిచ్చాను, అన్‌లిమిటెడ్ వేయించి మరీ. నా కొత్త నంబరు ఎన్నిసార్లు నేర్పినా ఆమెకు పట్టలేదు. నాకు చేయాలనుకొని వేళ్లకు అలవాటైన ఆ పది అంకెలే కొడుతుంది. శివరాజ్ బండి మీద ఉంటే స్వరూప ఎత్తుతుంది. బీపీ గోళీ వేసుకున్నవా, ఉప్పు తగ్గించినవా అని అడుగుతుందట. యాభై అయిదో సెకనుకు కోయదట. అమ్మ అరగంట మాట్లాడి, ముఖం వెలిగిపోతూ వచ్చి నాకు అన్నం పెడుతుంది. కోడలితో ఫోన్‌లో కబుర్లు చెప్పుకోవాలన్న ఆమె కోరిక తీరింది. కోడలు మాత్రమే లేదు.

కాబట్టి బీరువాలోని లామినేషన్ అట్ట మీద కుడిచెయ్యి పెట్టి, చదువుతున్న మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. నేను బతికుండగా ఆ నంబరు గడువు ఒక్క రోజు కూడా దాటనివ్వను. శివరాజ్ ఎప్పుడూ రోడ్ల మీద ఉండే మనిషి, మర్చిపోతాడు. అందుకని ఆఖరి తేదీకి నాలుగు రోజుల ముందే నా ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. ఏటా నేనే వేయిస్తున్నాను. ఎందుకంటే ఆ నంబరు మనుగడలో లేదన్న మాట మా అమ్మ వినకూడదు.