మార్చని తీగ

ఊపిరినిచ్చి ఇంతవరకు నడిపించిన ప్రభువుకు స్తోత్రం.

తమిళనాడు కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సెక్కి, పెదవులు కదుపుతూ తెలుగులో కీర్తన చెప్పుకుంటున్నాను. పక్కాయన ఒడిలో కారు ఆల్టర్నేటరు ఉంది, బ్యాటరీకి కరెంటు అందించేది. కొత్తది, పెద్దది.

నా తెలుగు కీర్తన విని, "మీరూ మనోరేనా అన్నా?" అన్నాడు. తలూపి, అదెక్కడికని అడిగాను.

"కొన్న అంగడికి వాపసు ఇయ్యను పోతా ఉండా. నా పెండ్లానికి ఊపిరి మిషను ఉండె. కారులో అది ఆడాలంటే పాతది చాలదంటిరి, ఇది ఏస్తిమి. తీగ కూడా లావుది మార్చాల, అందాకా దూరం పోవద్దని మెకానిక్కు చెప్పె. మా సబోళ్లు బండిమీద చేతులు పెట్టి జెపం చేసిరి. బయం లేదు, మదురై ఆస్పత్రికి పో అనిరి."

"వెళ్లారా?"

"పోతిమి. సాత్తూరు దాటినాక తీగ కాలిపోయె. మిషను నిలిచె. మదురై చేరేలోపలే ఆమె పోయె."

ఓదార్పు వాక్యం కోసం వెతికాను. ఆ రోజు అక్కడుంటే నేనూ ఆ బండిమీద చెయ్యి పెట్టేవాణ్ణి. నేనూ పొమ్మనేవాణ్ణి.

విరుదునగర్‌లో దిగేముందు ఆయన నా చెయ్యి పట్టుకుని ఆల్టర్నేటరు మీద పెట్టాడు.

"రేపు ఇంకొకరి బండికి ఏస్తారు. ఏమని జెపం చేస్తావు, చెయ్యన్నా."

లోహం చల్లగా ఉంది. నేను చెయ్యి తీయలేదు, నోరూ తెరవలేదు. ఆయన దాన్ని ఎత్తుకుని నాకంటే ముందే దిగిపోయాడు.

ఆ ప్రార్థన ఇంకా బాకీ ఉంది. ఆయన పేరైనా తెలియదు. చదివే సహోదరులారా, ఆయన కోసం నాతో మోకరించండి. మాటలు దొరికినవారు మొదలుపెట్టండి.