మొలతాటి ఆంజనేయుడు

మా ఇంట్లో పసిపిల్లల మొలతాటికి ఒక బిళ్ల కడతారు. పురుడు వెళ్ళినప్పుడు కడితే బడికి పోయేదాకా తీయరు. తాడు పాతబడితే ముందు కొత్తది కట్టి, ఆ తర్వాతే పాతది తెంపాలి. కట్టేటప్పుడు "సామీ, చూస్కో" అనాలి. మా నాన్న కట్టుకున్నాడు, నేను కట్టుకున్నాను, ఇప్పుడు నా బిడ్డ వంతు. ఏళ్ల తరబడి అద్దిన సింధూరం కింద, భుజాన గద పెట్టుకుని దూకుతున్న ఆంజనేయుడు లీలగా కనిపించేవాడు. తోక ఏదని చిన్నప్పుడు అడిగితే, "సింధూరం కింద ఉన్నది, నోర్మూస్కో" అనేది బాపమ్మ. బాపమ్మ అంటే మా నాన్న తల్లి.

నేను ఒట్టి పిరికిదాన్ని. మా ఆయన దుబాయిలో ఉంటాడు కాబట్టి నేనూ పిల్లా ఆర్మూర్‌లో పుట్టింట్లోనే ఉంటాం. పిల్ల తుమ్మినా నాకు గుండె జారుతుంది. అలాంటిది, మొన్న పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆ బిళ్ల కొండి అరిగి విరిగిపోయింది. అతికించాలంటే పిల్ల ఒంటి మీద నుంచి తీయక తప్పదు. "అవుసలాయన ముంగటనే కూసొని చేపిచ్చుకొని రా. యాడ ఆగకు" అని వాకిలి దాకా వచ్చి మరీ చెప్పింది బాపమ్మ.

అవుసలాయన అంటే మా ఊరి కంసాలి. బిళ్లను చేతిలోకి తీసుకుని, "గింత సింధూరం ఉంటె అతుకు పట్టదమ్మా" అన్నాడు. నేను వద్దనే లోపే చింతపండు నీళ్ళలో వేసి బ్రష్షుతో రుద్దేశాడు. సింధూరం ఎర్రగా గిన్నెలోకి దిగిపోయింది. ఆయన భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అమ్మా, గీయన ఆంజనేయులు కాదు."

"అదేంది! ఇంకెవరు?"

"ఎవరో ఏమో. నిక్కరేసుకున్నడు. చేతిల గద గూడ కాదు, కొస వంకరున్న కట్టె. హాకీ కట్టె లెక్కున్నది. ఎన్కకు ఉర్దూల ఏందో రాసున్నది."

నవ్వాలో ఏడవాలో తెలియక చూస్తుంటే ఫోన్ మోగింది. బాపమ్మ గొంతు కీచుమంటోంది. "పిల్ల ఒళ్ళు కాలిపోతున్నది, కండ్లు తేలేసింది! యాడున్నవే? సామిని తీస్కొని జల్ది రా!"

ఇంటికి ఎలా వచ్చానో, దవాఖానకు ఎలా పోయామో నాకు సరిగ్గా గుర్తులేదు. బిడ్డ చేతులు బిగుసుకుపోయి ఉండడం మాత్రం గుర్తుంది. జ్వరం ఎక్కువైతే చిన్నపిల్లలకు ఫిట్స్ వస్తాయనీ, భయం లేదనీ డాక్టరమ్మ చెప్పింది. భయం లేదని ఎవరైనా అంటే నాకు ఇంకా భయం వేస్తుంది. తెల్లారి ఇంటికి పంపించారు గానీ, జ్వరం పూర్తిగా దిగలేదు.

ఇంట్లో బాపమ్మ అన్నం ముట్టలేదు. "బిళ్ల తీసినం, పిల్ల పడ్డది. అది మళ్ళ కట్టిన్నాడే నాకు మెతుకు" అని గోడకు ఆనుకుని కూర్చుంది. పని కాలేదనీ, బిళ్ల అవుసలాయన దగ్గరే ఉందనీ అబద్ధం చెప్పాను. బిళ్ల నా సంచిలోనే ఉంది. దానిమీద నిక్కరు తొడుక్కున్న మనిషి మెరిసిపోతున్నాడు. ఎలా చూపించను?

అసలు భయం అది కూడా కాదు. గుట్ట మీద సాధువు ఇచ్చాడని చెప్పి దాన్ని తెచ్చింది మా తాత. ఆయన పోయి కొన్నేళ్లయింది. జీవితమంతా పసుపు పండించాడు, ఉడకబెట్టాడు, ఆరబోశాడు. ఆయన ఆట గురించి మాట్లాడగా నేను వినలేదు. మరి ఇది ఎవరిది? ఎవరి ఇంట్లోంచి వచ్చింది? చచ్చిపోయిన ఏ పిల్లాడి సొమ్మో అయితే? మా నాన్న కంటే ముందు బాపమ్మకు ఒక కొడుకు పుట్టి పోయాడు. ఎవరిదో తెలియకుండా నా బిడ్డకు కట్టలేను. కట్టకపోతే బాపమ్మ తినదు. రాత్రికి మళ్ళీ జ్వరం ఎగదన్నితే, కట్టనందుకే అనిపించి నాకే పిచ్చెక్కుతుంది.

అమ్మను పిల్ల దగ్గర కూర్చోబెట్టి, ముందు అవుసలాయన దగ్గర కొండి అతికించుకుని, పాత మార్కెట్ వెనకాల ఉండే తాత దోస్తు ఇంటికి పోయాను. తొంభైకి దగ్గర పడ్డ మనిషి, తాత లాగే ఉర్దూ బడిలో చదువుకున్నాడు. వాకిట్లో ఆరబోసిన పసుపు కొమ్ముల పక్కన మంచం వేసుకుని ఉన్నాడు. బిళ్ల చేతిలో పెట్టి, గట్టిగా అరిచి అడిగాను, "తాతా, గిది ఎవరిది?"

వెనక్కి తిప్పి, ఎండకేసి పట్టి చదివాడు. "హాకీ. అవ్వల్. అంటే ఫస్టొచ్చినమని." బోసినోటితో నవ్వాడు. "మీ తాతదే బిడ్డా. నిజామాబాద్‌ల మేం సదువుకునేటప్పుడు గెలిచినం. నాది గూడ గిసొంటిదే ఉండె, యాడనో పోయింది. మీ తాత గోల్ కాడ నిలబడేటోడు. ఒక్క బంతి లోపలికి పోనియ్యకపోయేది."

"మరి సాధువు ఇచ్చిండని చెప్పిండు గదా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "మీ నాయిన పసిపోరడప్పుడు గిట్లనే కండ్లు తేలేసిండు. మొదటోడు గట్లనే పోయిండాయె. మీ బాపమ్మ పోరన్ని సంకల కెళ్ళి దించది, తిండి తినది. గుట్ట మీద సాధువు తాయెత్తు ఇస్తడట, తెమ్మని ఒకటే ఏడుపు. మీ తాత ఎల్లిండు. గుట్ట మొదట్ల దాక పోయి నా దగ్గరికి మర్లి వచ్చిండు. గడగడ వణుకుతున్నడు. 'గుట్టెక్కి దిగేసరికి పోరడు ఉంటడో ఉండడో, నేను లేనప్పుడే పోతే ఎట్లరా' అన్నడు. జేబుల కెళ్ళి గిది తీసిండు. బడి ఇడిసినా దీన్ని ఇడువలే, ఎప్పుడు దగ్గరనే పెట్టుకునేటోడు. గా అరుగు మీద కూసొని సింధూరం అద్దిండు. దీని సంగతి మళ్ళ ఎత్తొద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

నేను ఆ అరుగు వైపు చూశాను. అంత భయంలో ఆ మనిషి తన గెలుపును తానే కప్పేసి, పెళ్ళాం చేతిలో పెట్టాడు. ఆ తర్వాత బతికినంత కాలం, ఎవరితోనూ "నేను హాకీ ఆడేవాణ్ణి" అనలేదు. నాకు ఏడుపు ఆగలేదు. దొంగ అనుకున్నాను కదా ఆయన్ని, నా నోట్లో మన్ను పడ!

"పిల్లను దవాఖానల చూపిచ్చిన్రా?" అని అడిగాడు ముసలాయన. చూపించామన్నాను. "అయితే ఫికర్ చెయ్యకు" అని ఇంట్లోంచి సింధూరం తెప్పించాడు. నేను అదే అరుగు మీద కూర్చుని, నూనెలో కలిపి, ముందు నిక్కరు మీద అద్దాను. తర్వాత కట్టె మీద, ముఖం మీద. ఉర్దూ అక్షరాలు మూసుకుపోయేదాకా అద్దాను.

ఇంటికి వెళ్ళేసరికి బాపమ్మ అదే గోడకు ఆనుకుని ఉంది. బిళ్లను కళ్ళకద్దుకుని, అనుమానంగా నా వైపు చూసింది. "అవుసలోడు సామిని కడగలే గదా?"

"లేదు బాపమ్మా."

"కట్టు మరి."

పిల్ల ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. మొలతాడు ముడి వేస్తుంటే, రాత్రి ఎలా గడుస్తుందోనని నాకు భయంగానే ఉంది. బిళ్ల పిల్ల పొట్ట మీద ఆని ఊపిరితో పాటు లేస్తోంది, దిగుతోంది. దాని మీద చెయ్యి పెట్టాను.

"తాతా, చూస్కో" అన్నాను.

"ఏమన్నవే?" అంది బాపమ్మ, అన్నం గిన్నె దగ్గరకు లాక్కుంటూ.

"సామీ చూస్కో అన్న. నువ్వు తిను."