మంగళవారం మేళంలో నా దెబ్బ

నల్లపాడులో ఆ సెలూన్ మేళం గురించి ఎవరు మాట్లాడినా సన్నాయిని మెచ్చుకుంటారు, డోలును మెచ్చుకుంటారు. కంచు తాళాలు వాయించిన నా గురించి ఇన్నేళ్లలో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

సెలూన్ యజమానిది సన్నాయి, ఆయన బావమరిదిది డోలు. మంగళవారం క్షవరాలు ఉండవు కాబట్టి, ఆ రోజు షట్టరు సగం ఎత్తి సాధనకు కూర్చునేవారు. తొంభైల చివర్లో నేను మిర్చి గోడౌన్‌లో గుమస్తాని. వారం వారం వెళ్లి, తిరిగే కుర్చీ ఎక్కి తాళాలు పట్టేవాణ్ణి. నా చొక్కాకున్న కారం ఘాటుకి యజమాని రాగం మధ్యలో తుమ్మేవారు. ఆ ఫిర్యాదు న్యాయమే, ఒప్పుకుంటాను.

కానీ నా దెబ్బ ఎప్పుడూ వెనకబడుతుందట!

"ఏవయ్యా గుమస్తా, బస్సు వెళ్లిపోయాక చెయ్యెత్తుతావేంటి?" అనేవారాయన.

"ఈయన్ని పెళ్లికి తీసుకెళ్తే, భోజనాలయ్యాక గట్టిమేళం వాయిస్తాడు బావా!" అనేవాడు బావమరిది.

చివరికి తాళాలు లాక్కుని దువ్వెనల సొరుగులో పడేశారు. అయినా నేను వెళ్లడం మానలేదు.

ఒక మంగళవారం రైల్వే గార్డు ఒకాయన క్యాసెట్ తెచ్చారు. అమెరికా నల్లవాళ్ల పాటలట, బ్లూస్ అంటారట. గిటారు, బొంగురు గొంతు, చుట్టూ జనం చప్పట్లు. యజమాని ముందుకు వంగారు. "స్వరాన్ని ఎట్లా జారుస్తున్నాడో విన్నావురా? వీడు మనోడే!" అంటూ సన్నాయి అందుకుని ఆ గొంతు వెంట పడ్డారు. డోలు కూడా దూకింది, దూకి తడబడింది. ఎందుకంటే క్యాసెట్‌లో చప్పట్లు డోలు దెబ్బ మీద పడటం లేదు, దాని వెనకాల పడుతున్నాయి. సరిగ్గా నేను తిట్లు తిన్న చోట!

సొరుగు లాగి తాళాలు తీశాను. ఒక్క దెబ్బ కూడా పక్కకు పోలేదు. బావమరిది నా చేతులు చూస్తూ వాయించాడు. టీకొట్టు జనం షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చారు. గార్డుగారు రెండు కుర్చీల మధ్య చిందులేశారు. నా కుర్చీ దానంతటదే తిరిగింది.

తర్వాత కొన్నేళ్లపాటు ప్రతి మంగళవారం చివర్లో ఆ పాటలు వాయించాం, తాళాలు నావే. కానీ "నా దెబ్బ సరైనదేనా?" అని అడిగిన ప్రతిసారీ యజమాని సన్నాయి నోట్లో పెట్టుకునేవారు.

అయ్యా, మీ షాపులో ఎవరో ఒకరు ఇది చదివి వినిపిస్తారు. ఈసారి సన్నాయి కింద పెట్టండి. ఆ రోజు తాళం తప్పింది నేనా, మీ బావమరిదా? సమాధానం చెప్పండి.