మామగారి లాను, పాప స్నానం

శ్రీశైలం డ్యామ్ దగ్గర గెస్ట్‌హౌస్‌లో ఒక్క రాత్రి పడుకుని, అక్కడి పచ్చగడ్డి చూసి వచ్చిన పాపానికి మా మామగారు నంద్యాల ఇంటి ముందు లాను వేయించారు. ‘గడ్డి మీద నడవరాదు’ అని రేకు బోర్డు కూడా పాతించారు. ఎండాకాలంలో కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. ఇంటికొచ్చినవాళ్ళకు అర గ్లాసు మంచినీళ్ళు, గడ్డికి గంటసేపు బోరు నీళ్ళు. ఆయన పైపు పట్టుకుని నిలబడితే అభిషేకం చేస్తున్నట్టుండేది.

లోపల నేను మోటారు శబ్దం వింటూ కూర్చునేదాన్ని. బోరులో నీళ్ళు అడుగంటి అది గాలి పీల్చడం మొదలుపెడితే నాకు ఊపిరి ఆడేది కాదు. నెలల పాపకు ఒళ్ళంతా చెమటకాయలు. రెండు పూటలా స్నానం చేయించమన్నాడు డాక్టరు. భయపడుతూనే ఆ మాట మామగారి చెవిన వేశాను.

ఆయన కాసేపు ఆలోచించారు. “పొయ్యండి. గడ్డి మీద కూర్చోని పొయ్యండి. నీళ్ళు యాడికీ పోవు.”

తన తెలివికి తనే మురిసిపోయారు. అత్తగారు లానులో కాళ్ళు చాపి, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టి, ఆముదం పట్టించి, సున్నిపిండి రుద్ది, వేడినీళ్ళు పోసేవారు. కొన్నాళ్ళకే అక్కడ గడ్డి మాడి గుండ్రంగా మచ్చపడింది. మామగారు జాగా మార్పించారు. అక్కడా మచ్చే. మళ్ళీ మార్పించారు.

ఆళ్ళగడ్డ నుంచి మనవరాలిని చూడవచ్చిన మా అమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది.

“ఏందన్నా, గడ్డికి గజ్జి పట్టినట్టుందే.”

“నీ మనవరాలి పుణ్యమేలేమ్మా.”

“తంగేడు పెట్టుకోరాదా? మా పక్క గుట్టల్లో దానికి ఎవరు పోస్తాండారు నీళ్ళు?”

“గుట్టల్లో మొలిచేది ఇంటి ముందర పెట్టుకుంటే జనం నవ్వరా?”

“ఇప్పుడు నవ్వడంలేదని ఎవరు చెప్పినారన్నా?”

ఇంతలో అత్తగారు పాపను ఎత్తుకుని వచ్చారు. “ఈ పొద్దు యాడ కూర్చోమంటావ్? బేగా చెప్పు, నీళ్ళు సల్లారిపోతాండాయి.”

మామగారు లానంతా కలియజూశారు. చాపంత పచ్చదనం మిగిలింది. పాప వీపు మీద చెమటకాయలు సగం మాడి తగ్గాయి. ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశారు.

“యాడన్నా కూర్చో” అన్నారు.

అత్తగారు ఆ చాపంత జాగాలోనే కూర్చున్నారు.

వానలు పడ్డాక అమ్మ తంగేడు మొక్కలు, కలబంద పిలకలు పంపింది. వేరు పట్టేదాకా చెంబెడు నీళ్ళు పోశాం, అంతే. అవి పూతకొచ్చేసరికి మామగారు వచ్చినవాళ్ళందరికీ మన నేల, మన మొక్క అంటూ ఉపన్యాసం మొదలుపెట్టారు. మంచినీళ్ళు మాత్రం అర గ్లాసే. బోర్డు పీకనివ్వలేదు.

పాప మొదటిసారి లేచి నిలబడింది ఆ బోర్డు పట్టుకునే. అడుగు వేయబోతుంటే మామగారు అలవాటుకొద్దీ “ఆడ కాదు, ఆడ కాదు” అన్నారు.

“గడ్డి యాడుంది ఇంకా” అన్నారు అత్తగారు. “నడవనీ.”