బల్లకాలి కింద తీర్పు

మా పిన్నికి కోపం ముక్కు మీదే ఉంటుంది. కోర్టు రికార్డు గదిలో ముప్పై ఏళ్ళుగా పాత కేసుల కట్టలకి కాపలా. పక్క గదిలో టైపిస్టుని నేనే కనుక ఆవిడ తిట్లలో సగం వాటా నాదే. "నా గదిలో లేని కాగితం లోకంలోనే లేదురా!" అంటుంది. ఇంకో నెలలో రిటైర్మెంటు. ఒక్క మచ్చ లేకుండా దిగిపోవాలని ఆవిడ కోరిక.

ఆ రోజు నిచ్చెన అనే దొంగకి శిక్ష వేయాలి. మనిషి పొడుగు కాబట్టి ఆ పేరు. కత్తి చూపించి ఇల్లు దోచాడు, నేరం రుజువైంది. ఇదివరకే రెండు దోపిడీల్లో శిక్ష పడుంటే ఇప్పుడు యావజ్జీవం. ఒక్కటే అయితే ఏడేళ్ళు. పిన్ని పంపిన కట్టల్లో రెండూ ఉన్నాయి.

"మొదటిది పై కోర్టులో కొట్టేశారండీ! నా దగ్గరున్న నకలు పోయింది!" అని బోనులోంచి మొత్తుకున్నాడు. మధ్యాహ్నంలోగా కాగితం చూపించమన్నారు జడ్జిగారు.

నేను పరుగెత్తుకెళ్ళి చెబితే పిన్ని అగ్గి మీద గుగ్గిలమైంది. "దొంగవెధవ! నా కట్టలకే వంక పెడతాడా?" అని బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. బల్ల పక్కకి ఒరిగింది. దాని కుంటికాలి కింద ఏళ్ళ తరబడి ఎత్తు పెట్టిన కాగితం మడత జారి బయటపడింది. విప్పి చూస్తే పై కోర్టు ముద్ర! నిచ్చెన నిర్దోషి అని, పన్నెండేళ్ళ కిందటి తారీఖుతో.

"అయ్యో, నా చేతులు పడిపోనూ! తర్వాత కట్టలో కుడదామని పక్కన పెట్టి, బల్ల ఊగుతోందని నేనే..." పిన్ని కుర్చీలో కూలబడింది.

"ఎవరూ చూళ్ళేదు పిన్నీ. వేరే కట్టలో దొరికిందని చెప్పేద్దాం."

"నోర్ముయ్! వాడికి బతుకంతా పోయేదిరా. నాకేం, ఓ మెమో వస్తుంది." అలా అందే గానీ మెట్టు మెట్టుకీ ఆగి ఆ కాగితమే మళ్ళీ చూసుకుంది.

జడ్జిగారి ముందు ఉన్నదున్నట్టు చెప్పింది. కోర్టంతా గొల్లున నవ్వింది, ఆయన మాత్రం నవ్వలేదు. నిచ్చెనకి ఏడేళ్ళు, పిన్నికి మెమో.

పోలీసులు తీసుకెళుతుంటే వాడు వరండాలో ఆగాడు.

"తప్పైపోయింది నాయనా," అంది పిన్ని, తలెత్తకుండానే.

"మిగతావన్నీ నేనే చేశానమ్మా. అదొక్కటే చేయలేదు. శిక్ష తీరాకే వదిలారనుకుంటోంది మా అమ్మ, ఎంత చెప్పినా నమ్మదు. ఆ కాగితం నకలొకటి ఆవిడకి పంపుతారా?"

పిన్ని కళ్ళు తుడుచుకుని నా మీద కసిరింది.

"చూస్తావేంరా? వెళ్ళి టైపు కొట్టు. మడత పడిందో, చంపేస్తా!"