ఒక మ వత్తు

యెషయాకు చదువు రానంత కాలం అతనంటే నాకు ఎంతో ఇష్టం.

ఆళ్లగడ్డ మెయిన్ రోడ్డు మీద నరేంద్ర శిల్పశాల ఉంది. దాన్ని ఆనుకుని ఉన్న రేకుల గది నా డీటీపీ సెంటర్. దేవుళ్ళనూ నాయకులనూ చెక్కడానికి వేరే మనుషులున్నారు. యెషయా పని అక్షరాలు చెక్కడం. శిలాఫలకాలు, సమాధి రాళ్ళు, విరాళమిచ్చినవాళ్ళ పేర్లు. నేను కాగితం మీద కొట్టి ఇస్తే, దాన్ని చూస్తూ రాతి మీద పెన్సిల్‌తో పెద్దగా గీసుకుని ఉలి పట్టేవాడు. ఏ అక్షరాన్ని ఏమంటారో తెలియదు, ఆకారం మాత్రం తెలుసు. నేను 'ప్రతిష్ఠ'ను 'ప్రతిష్ట' అని కొడితే రాతిలోనూ అదే పడేది. అలా నా తప్పులు నాలుగు మండలాల్లో చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి. మన జనం రాయి మీద తమ పేరొక్కటే చదువుకుంటారు కాబట్టి ఏనాడూ గొడవ రాలేదు.

నాలుగేళ్ళ క్రితం కూతురు వినీతను బీఎడ్‌లో చేర్చడానికి యెషయా నంద్యాల వెళ్ళాడు. అతని సంతకం అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ఒక కాగితం మీద అది చూసిన కాలేజీ గుమాస్తా బాగా చదువుకున్న మనిషి అనుకుని, "మిగతా సంతకాలు కూడా మీరే చదివి పెట్టండి సార్" అంటూ దరఖాస్తు మొత్తం చేతికిచ్చాడు. చదవడం రాదని చెప్పడానికి యెషయాకు నోరు రాలేదు. పది నిమిషాలు కాగితం వంక చూసి, ప్రిన్సిపాల్ సంతకం చేయాల్సిన చోట తన సంతకం పెట్టాడు. గుమాస్తా ఆ కాగితాన్ని ఎత్తి పట్టుకుని, "కొత్త ప్రిన్సిపాల్ గారు వచ్చినారు, లేసి నిలబడండప్పా" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. వినీత తల దించుకుని నేల చూస్తూ ఉండిపోయింది.

మరుసటి రోజు తెల్లవారి అయిదింటికి హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. "అ అను నాయనా."

నలభై ఏడేళ్ళ మనిషి అ అన్నాడు. ఆ పొద్దు నుంచి మూడేళ్ళు ఒక్క రోజు మానలేదు. అయిదు నుంచి అయిదున్నర దాకా ఫోన్ చెవికి పెట్టుకుని వీధంతా వినపడేలా చదివేవాడు. మొదట గుణింతాలు, తర్వాత ఎరువుల సంచుల మీది మాటలు, ఆ తర్వాత పేపరు. భార్య రూతుకు ఆపరేషన్ అయిన రోజున కూడా ఆసుపత్రి వరండాలో కూర్చుని వత్తులు చదివాడట. నేను దాన్ని పిచ్చి అన్నాను, ఆటపట్టించాను. యెషయా నవ్వి మళ్ళీ రేపటి పాఠం ఏమిటో చెప్పేవాడు.

ఒకరోజు నా గదిలో నలుగురు గిరాకీలు కూర్చుని ఉండగా కాగితం పట్టుకుని వచ్చాడు. "అన్నా, జ్ఞాపకార్థంలో థ కదా రావాల్సింది. నువ్వు ధ కొట్టినావ్."

చూస్తే నిజమే. గిరాకీలు ఇకిలించారు. ఒకాయన, "ఏందప్పా, రాళ్ళు కొట్టేటోడు నీకు పాఠం చెప్తాండాడే" అన్నాడు. యెషయా గొప్పకు చెప్పలేదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా నాకు ఒళ్ళు మండింది. ఈ సంగతి విన్న శిల్పశాల యజమాని నరేంద్ర, "ఇంక కాగితాలన్నీ నువ్వే సూసి దిద్దుకో యెషయా" అని పెత్తనం ఇచ్చాడు. ఇరవై ఏళ్ళుగా నా కాగితానికి బానిసలా ఉన్న చేయి ఇప్పుడు నా కాగితాన్ని దిద్దుతుందట.

మొన్న వేసవికి ముందు నంద్యాల నూనె వ్యాపారి మహానందయ్య వచ్చాడు. చనిపోయిన తల్లి పేరున మంచినీళ్ళ కేంద్రం కట్టించాడు. ఆమె పేరుతో ఆరడుగుల నల్లరాయి కావాలన్నాడు. నేను కాగితం కొట్టిచ్చాను. ఆ మధ్యాహ్నం యెషయా వచ్చాడు.

"అన్నా, సుబ్బలక్ష్మమ్మ అని కొట్టినావ్. క్ష కింద ఒక మ, పక్కన ఇంకో మ, దాని కింద మళ్ళా మ. మూడు మలు పడినాయి. నోట్లో రెండే వస్తాండాయి. ఒకటి ఎక్కువ పడిందేమో?"

మా వైపు లక్ష్మమ్మను లచ్చమ్మ అనే అంటారు. అతను విన్న పేరు అదే, మూడు మలు ఏ నోటా వినలేదు. కాగితం సరిగ్గా ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది.

"నాకంటే నీకే బాగా వచ్చు కదప్పా" అన్నాను. "నువ్వే సూస్కో."

వెక్కిరింపు అతనికి అర్థం కాలేదు. పొగిడాననుకున్నాడు. ముఖం వెలిగిపోయింది. తల ఊపి వెళ్ళిపోయాడు. గోడ అవతల ఉలి చప్పుడు మొదలైంది. వింటూ కూర్చున్నాను. చెప్పకపోవడం నాకు హాయిగా ఉంది, దాచడం దేనికి.

ప్రారంభానికి నరేంద్రతో కలిసి నేనూ నంద్యాల వెళ్ళాను. చూడాలనే వెళ్ళాను. యెషయా తెల్లచొక్కా వేసుకుని, వినీతను వెంటబెట్టుకుని వచ్చాడు. తను చదివి, తనే దిద్ది చెక్కిన రాయిని కూతురికి చూపించాలని అతని ఆశ. గుడ్డ లాగారు. అందరికంటే ముందు చదివింది వినీతే. "నాయనా" అని తండ్రి చేయి పట్టుకుంది.

రాతి మీద 'సుబ్బలక్షమ్మ' అని ఉంది.

మహానందయ్య రెండుసార్లు చదివాడు. అరవలేదు. "మా అమ్మ లక్ష్మి రా నరేంద్రా. లచ్చ రూపాయలు కాదు" అన్నాడు. తర్వాత చుట్టూ చూశాడు. "ఎవరు సెక్కినోడు?"

యెషయా చేయెత్తాడు.

"నీకు సదువొచ్చునా?"

"వచ్చు సామీ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు చుట్టాలందరికీ పాకింది. వినీత అప్పటికి అక్కడి బడిలో టీచరు. ఆమె దగ్గర చదివే పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు ఆ గుంపులోనే ఉన్నారు. క్షకూ మకూ మధ్య ఇంకొక వత్తు దూర్చడానికి చోటు లేదు. రాయిని మళ్ళీ లారీకెత్తారు.

శిల్పశాలకు వచ్చాక నరేంద్ర నా కాగితం తీసి యెషయా ముందు పడేశాడు. "ఈడ సరిగ్గానే ఉండాది. నోరు మూసుకుని సూసింది సూసినట్టు కొట్టింటే అయిపోయేది కదరా. ఇరవై ఏండ్లు నీకు సదువు లేదు, నన్ను ఎవురూ ఒక మాట అనలే."

"నేనే దిద్దినాన్నా" అన్నాడు యెషయా. నన్ను అడిగిన సంగతి ఎత్తలేదు. నేనూ అక్కడే ఉన్నాను. నేనూ ఎత్తలేదు.

అప్పటినుంచి అతనికి తెలుగు రాళ్ళు ఇవ్వడం లేదు. నంద్యాల నుంచి ఉర్దూలో రాసి పంపే సమాధి రాళ్ళు మాత్రమే ఇస్తున్నారు. ఆ భాష రాదు కాబట్టి చూసినది చూసినట్టు చెక్కుతాడని నరేంద్ర లెక్క. అవి నెలకు మూడో నాలుగో వస్తాయి. మిగతా రోజుల్లో యెషయా పాలిష్ మిషన్ దగ్గర నీళ్ళు పోస్తున్నాడు. వినీత ఆ బడి మానేసి బనగానపల్లెలో చేరింది.

రెండు నెలలు ఆగి, నిన్న టీ కొట్టు దగ్గర అడిగాను. "నన్ను అడిగినట్టు నరేంద్రకు ఎందుకు చెప్పలేదు యెషయా?"

అతను గ్లాసు కింద పెట్టి నా వైపు జాలిగా చూశాడు.

"నీగ్గూడా తెల్దు కదన్నా. తెల్సింటే చెప్పేటోడివి. తెలియకుండా కొట్టినా కాగితంలో సరిగ్గా పడింది, నీ అదృష్టం. నిన్నెందుకు నలుగురిలో చిన్నబుచ్చేది?" గొంతు తగ్గించాడు. "సిగ్గుపడాకు. రోజూ అరగంట కూచుంటే వస్తాది. నేను చెప్తాలే."

సరే అన్నాను.