చెవి పెట్టి వినే పది నిమిషాలు

ఇంజనీరింగూ బిజినెస్సూ కలిపి రెండు డిగ్రీలు ఒకేసారి ఇచ్చే కోర్సులో చేరతానంటే, "రెండు పడవల మీద కాళ్లు పెట్టకే" అంది మేనత్త. నాన్న నవ్వాడు. "మనిషికి రెండు చేతులున్నయ్ కదక్కా, రెండు పట్టుకుంటది తియ్."

నాన్నకు రెజిమెంటల్ బజార్‌లో మోటారు వైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన మోటార్లలో కొత్త రాగితీగ చుట్టేవాడు. చుట్లు లెక్కపెడుతుంటే ఎవరూ నోరెత్తకూడదు. పనయ్యాక మోటారు ఆన్ చేసి, పెద్ద స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. పది నిమిషాలు. చప్పుడు నచ్చితేనే మోటారు చేతికిచ్చేవాడు.

మూడో ఏడు కాలేజీలో ఏదైనా చిన్న వ్యాపారం మీద రిపోర్టు రాయమన్నారు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని వారం రోజులు నాన్న పక్కన కూర్చున్నాను. ఆయన సంబరంగా రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నేనేమో ఆ పది నిమిషాలనూ 'వృథా సమయం' గడిలో వేశాను. మోటారు చప్పుడు ఏం చెబుతుందో తెలియని పిల్లనా? తెలుసు. మార్కులు కావాలి. పాతది బాగుచేయించేవాళ్లు తగ్గారు కనుక షాపు మూసేయడమే మేలని చివరి పేజీలో రాశాను. క్లాసంతా చప్పట్లు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

తెలుగులో చదివి వినిపించమన్నాడు నాన్న. గొప్పకు పోయి ఆ 'వృథా సమయం' గడీ, చివరి పేజీ కూడా చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"మంచిగ రాసినవ్ బిడ్డా," అన్నాడు.

నెల తిరక్కముందే షాపు ఖాళీ చేశాడు. విషయం తెలిసి పరుగెత్తుకెళ్లేసరికి సామాను ఆటోలోకి ఎక్కిస్తున్నాడు.

"ఏంది నాన్నా ఇది?"

"నువ్వే రాసినవ్ గదా. రెండు సదువులు సదువుతున్నవ్, నీకు తెల్వదా?"

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. అదంతా మార్కుల కోసం రాశానని చెప్పడానికి సిగ్గేసింది. ఇప్పటికీ చెప్పలేదు.

రెండు డిగ్రీలూ వచ్చాయి. ఉద్యోగమూ వచ్చింది. మొన్న మల్కాజ్‌గిరిలో మా ఇంట్లో కూలర్ మోటారు గరగరమంది. నాన్న దానికెదురుగానే కూర్చున్నాడు, లేవలేదు.

"జెర నువ్వే చూడు నాన్నా," అన్నాను.

"ఎవల్నన్న పిలువు బిడ్డా. నేను చూస్తే టైం వేస్ట్ అయితది."

ఎత్తిపొడుపైతే ఏడ్చి ఊరుకునేదాన్ని. నమ్మి అన్నాడు.